విశ్వాసం విడిచిన కుమారుని కోసం ప్రార్థించే తల్లిదండ్రులు దేనిని నిరీక్షించవచ్చు?

ప్రశ్న: ఒక తల్లి, తెనాలి

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నా భర్త, నేను ఇద్దరం ఉపాధ్యాయులుగా పని చేసి పదవీ విరమణ పొందాం. మాది తాతల కాలం నుండి లూథరన్ సంఘానికి చెందిన కుటుంబం. మాకు ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. నా ప్రశ్న అబ్బాయిని గురించి.

సండే స్కూలులో వాక్యాలు కంఠతా చెప్పి బహుమతులు తెచ్చుకున్న పిల్లవాడు, కన్ఫర్మేషన్ (సంఘం ముందు విశ్వాసాన్ని ఒప్పుకునే ఆచారం) తీసుకుని యూత్‌లో గిటారు వాయించిన పిల్లవాడు, ఇంజనీరింగ్ రోజుల్లో కొద్దికొద్దిగా దూరమై, బెంగళూరులో ఉద్యోగంలో చేరిన తరువాత తనకు దేవుని మీద నమ్మకం లేదని మాతో నెమ్మదిగానే, కానీ స్పష్టంగా చెప్పాడు. వాడికి ఏ దురలవాటూ లేదు. తండ్రి మందులకు డబ్బు పంపుతాడు, క్రిస్మసుకు ఇంటికి వస్తాడు, మాతో గుడికి కూడా వస్తాడు, కానీ ప్రభు భోజన సంస్కారానికి (రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి) లేవడు. అందరూ ముందుకు వెళ్లి మోకరించినప్పుడు వాడొక్కడే బెంచీ మీద కూర్చుని ఉండడం చూస్తే నాకు ప్రార్థన నోటికి రాదు.

వాడు దూరం కావడానికి రెండు కారణాలు చెప్పాడు. ఆస్తి విషయంలో మా సంఘం రెండు వర్గాలుగా చీలి కోర్టుకు ఎక్కడం, పండుగ రోజున గుడి ముందు పోలీసులు నిలబడవలసి రావడం మొదటిది. మేము వాడికి సంబంధాలు చూడడం మొదలుపెట్టినప్పుడు, "ఒకే పాత్రలో నుండి ద్రాక్షారసం తీసుకున్నవాళ్లు పెళ్లి దగ్గరికి వచ్చేసరికి కులం ఎందుకు అడుగుతారమ్మా?" అని వాడు అడిగిన ప్రశ్న రెండవది. ఆ ప్రశ్నకు మా ఇంట్లో ఎవరం జవాబు చెప్పలేదు.

నేను ప్రతిరోజూ తెల్లవారుజామున లేచి వాడి కోసం ప్రార్థిస్తున్నాను. "బాలుడు నడువవలసిన త్రోవను వానికి నేర్పుము వాడు పెద్దవాడైనప్పుడు దానినుండి తొలగిపోడు" అనే సామెతల వాక్యాన్నీ, "నీవును నీ యింటివారును రక్షణ పొందుదురు" అనే అపొస్తలుల కార్యముల వాక్యాన్నీ వాగ్దానాలుగా పట్టుకున్నాను. అయితే ఈ మధ్య మా ఊరికి వచ్చిన ఒక సువార్తికుడు, నా ప్రార్థనకు జవాబు రాకపోవడానికి నా విశ్వాసలోపమే కారణమనీ, నలభై రోజులు ఉపవాసం ఉంటే వాడు తప్పక తిరిగి వస్తాడనీ చెప్పారు. షుగరు ఉన్న నేను అది చేయగలనో లేదో కూడా ఆయన అడగలేదు. మా అమ్మాయేమో, "మీ ప్రార్థనలన్నీ తమ్ముడికే, నేను ఇక్కడే ఉన్నాననే సంగతి మీకు గుర్తుందా?" అని ఒకరోజు అనేసింది.

ఈ వాక్యాలు నిజంగా మా అబ్బాయి తిరిగి వస్తాడని దేవుడు ఇచ్చిన హామీయా? హామీ కాకపోతే, నేను దేనిని ఆధారం చేసుకుని ప్రార్థించాలి? తెలిసినవారు మొహమాటం లేకుండా చెప్పండి.

సమాధానం: విశ్రాంత పాస్టరు, గుంటూరు జిల్లా

అమ్మా, మీరు మొహమాటం లేకుండా చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను. ఆ రెండు వాక్యాలూ మీరు అనుకుంటున్న రీతిలో హామీలు కావు. ఈ మాట మిమ్మల్ని నిరాశపరచడానికి చెప్పడం లేదు. వాక్యం చెప్పనిదాన్ని చెప్పినట్టు నమ్మినవారు, ఏళ్లు గడిచేకొద్దీ వాక్యాన్నే అనుమానించే స్థితికి రావడం నా సేవాకాలంలో చూశాను.

సామెతల గ్రంథం బ్రతుకు సాధారణంగా నడిచే తీరును చెబుతుంది. అదే గ్రంథం ఇరవై ఆరవ అధ్యాయంలో మూర్ఖునికి వాని మూఢత చొప్పున జవాబివ్వవద్దని ఒక వచనంలోనూ, ఇవ్వుమని దాని వెంటనే వచ్చే వచనంలోనూ చెబుతుంది. రెండూ నిజమే, ఏది ఎప్పుడు వర్తిస్తుందో తెలుసుకోవడమే జ్ఞానం. చక్కగా నేర్పిన త్రోవ బిడ్డలో నిలుస్తుందన్నది నిజం. అయితే తండ్రికి దుఃఖం తెచ్చే కుమారుణ్ణి గురించి కూడా అదే గ్రంథం పదేపదే మాట్లాడుతుంది, ఆ తండ్రి నేర్పలేదని ఎక్కడా అనదు.

మీరు చెప్పిన అపొస్తలుల కార్యముల వాక్యం ఫిలిప్పీ చెరసాల నాయకునికి పౌలు సీలలు చెప్పిన మాట. దానిని తరువాతి వచనాలతో కలిపి చదవండి. అతని ఇంట ఉన్నవారందరికీ వాక్యం బోధించారు, అతడు తన ఇంటివారందరితో కూడ విశ్వసించి ఆనందించాడు. ఇంటి యజమాని విశ్వాసం మిగిలినవారి విశ్వాసానికి బదులుగా లెక్కించబడలేదు. ఆ పౌలే కొరింథీయులకు వ్రాస్తూ, "ఓ స్త్రీ, నీ భర్తను రక్షించెదవో లేదో నీకేమి తెలియును?" అని అడిగాడు. పౌలుకు ఇంటివారి విషయంలో ఆశ ఉంది, ఆ ఆశ ఎప్పుడు ఎలా నెరవేరుతుందో తనకు తెలుసునన్న ధీమా మాత్రం లేదు.

ఇక ఆ సువార్తికుడు మీ మీద మోపిన నింద. యోహాను సువార్త ఏడవ అధ్యాయంలో, యేసు సహోదరులైనను ఆయనయందు విశ్వాసముంచలేదని వ్రాసి ఉంది. ఒకే ఇంట్లో పెరిగినవారు, ఆయన మాటను, నడతను రోజూ చూసినవారు, అయినా నమ్మలేదు. యేసుకు విశ్వాసం తక్కువైందనీ, ఆయన ఉపవాసం చాలలేదనీ అనగలమా? ఆ సహోదరులలో ఒకడైన యాకోబుకు ఆయన పునరుత్థానం తరువాత కనబడ్డాడు, ఆ యాకోబే తరువాత యెరూషలేము సంఘానికి పెద్ద అయ్యాడు. ఇంకా పైకి వెళ్తే, "నేను పిల్లలను పెంచి గొప్పవారినిగా చేసితిని, వారు నామీద తిరుగబడియున్నారు" అని యెషయా గ్రంథం మొదటి అధ్యాయంలో దేవుడే అంటున్నాడు. పెంపకంలో లోపం ఉంటేనే బిడ్డలు దూరమవుతారన్న లెక్క దేవుని విషయంలోనే నిలబడదు. మీ ఆరోగ్యానికి హాని కలిగించే ఉపవాసం చేయకండి. వైద్యుణ్ణి అడగకుండా షుగరు ఉన్న మనిషికి నలభై రోజుల ఉపవాసం చెప్పడం బాధ్యత లేని పని, అది ఎవరు చెప్పినా సరే.

మరి ఆధారం ఏమిటని అడిగారు. మీ అబ్బాయికి బాప్తిస్మం ఇచ్చినప్పుడు వాడు ఏమీ చేయలేదు, చేసింది దేవుడు. మీ లూథరన్ సంఘానికి మూలపురుషుడైన లూథరు 1529లో ప్రచురించిన పెద్ద ప్రశ్నోత్తరి అనే బోధ గ్రంథంలో బాప్తిస్మాన్ని ఓడతో పోల్చాడు. మనం జారి నీళ్లలో పడవచ్చు కానీ ఓడ బద్దలు కాదు, పడినవాడు ఈదుకుంటూ మళ్లీ ఆ ఓడనే పట్టుకోవాలి అన్నాడు. మనం నమ్మదగనివారమైనా ఆయన నమ్మదగినవాడుగా ఉంటాడని తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక చెబుతుంది. కాబట్టి మీ నిరీక్షణ మీ అబ్బాయి మెత్తని మనస్సు మీద గాని, మీ కన్నీటి పరిమాణం మీద గాని ఆధారపడి లేదు. తప్పిపోయినదానిని తానే వెదకుతానని చెప్పిన కాపరి స్వభావం మీద ఆధారపడి ఉంది. ఈ తేడా మీ ప్రార్థనను మార్చివేస్తుంది. అప్పటిదాకా ఫలితం కోసం దేవునితో పెనుగులాడే మనిషి, ఇక ఆయన ముందునుండే చేస్తున్న పనిలో కలిసి అడిగే మనిషి అవుతుంది.

ఒక్క సంగతి చెప్పకపోతే నా జవాబు సగమే అవుతుంది. కులాన్ని గురించి మీ అబ్బాయి అడిగిన ప్రశ్న అవిశ్వాసంలోనుండి పుట్టింది కాదు. అంతియొకయలో అన్యజనులతో, అంటే యూదులు కానివారితో, కలిసి భోజనం చేస్తూ వచ్చిన పేతురు, కొందరు రాగానే వెనుదీసి వేరైపోయినప్పుడు, పౌలు అందరి ఎదుట అతన్ని నిలదీశాడని గలతీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయంలో ఉంది. మీ అబ్బాయి అడిగింది పౌలు అడిగినదే. సంఘం ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా, ఆ ప్రశ్న అడిగినవాణ్ణి తప్పిపోయినవాడని పిలవడం నాకు న్యాయంగా కనిపించడం లేదు. మీ ప్రార్థనకు దేవుడు ఇచ్చే జవాబులో మొదటి భాగం మీ ఇంట్లో, మీ సంఘంలో మొదలుకావచ్చు. మీరు, మీ భర్తగారు కలిసి అతనికి "నీ ప్రశ్న న్యాయమైనది" అని చెప్పండి. అది చెప్పినందుకు అతను వెంటనే తిరిగి వస్తాడని ఆశపడి కాదు, అది నిజం కాబట్టి చెప్పండి.

సమాధానం: కతోలిక ఉపాధ్యాయురాలు, విజయవాడ

అక్కయ్యగారూ, మా సంఘంలో ఆగస్టు 27న పునీత మోనికమ్మ పండుగ, 28న ఆమె కుమారుడు పునీత అగుస్తీను పండుగ చేసుకుంటాం. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు అందరూ మోనికమ్మను ఉదహరిస్తారు, కానీ సగం కథే చెబుతారు: తల్లి ఏడ్చింది, కొడుకు మారాడు. అగుస్తీను తన ఒప్పుకోలు గ్రంథంలో వ్రాసింది అంతకన్నా చాలా లోతైనది. మీకు పనికి వస్తుందని నేను అనుకుంటున్న భాగం కూడా ఆ మిగిలిన సగంలోనే ఉంది.

అగుస్తీను 354లో ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తె పట్టణంలో పుట్టాడు. ఈనాటి లెక్కలో అది అల్జీరియా. చదువుకోసం కార్తేజికి వెళ్లి మనిషీయుల మతంలో (వెలుగు, చీకటి అనే రెండు శక్తులను నమ్మే మతం) చేరాడు. ఇంటికి వచ్చినప్పుడు తల్లి అతన్ని తనతో ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చోనివ్వలేదు. తరువాత ఆమెకు ఒక కల వచ్చింది. ఆ కలలో ఆమె ఒక కొయ్య పలక మీద నిలబడి కొడుకు నాశనమవుతున్నాడని ఏడుస్తుంటే, ప్రకాశమానమైన ఒక యువకుడు వచ్చి, "నీవు ఉన్నచోటనే అతడూ ఉన్నాడు, చూడు" అన్నాడు. ఆమె చూస్తే కొడుకు ఆ పలక మీదనే నిలబడి ఉన్నాడు. ఆ కల తరువాత ఆమె కొడుకును మళ్లీ తన ఇంట ఉండనిచ్చింది, తన బల్ల దగ్గర భోజనం చేయనిచ్చింది. అతడు అప్పటికి ఏమీ మారలేదని గమనించండి. ఆ తరువాత దాదాపు తొమ్మిదేళ్లు మారలేదు. కొడుకు మారినందుకు ఆమె తలుపు తెరవలేదు. దేవుడు ఇచ్చిన ఆశను నమ్మి ముందుగానే తెరిచింది.

ఆమె ఒక బిషప్పు దగ్గరికి వెళ్లి, తన కొడుకుతో వాదించి తప్పు చూపించమని బతిమాలింది. ఆ బిషప్పు చిన్నతనంలో తానే ఆ మనిషీయుల మధ్య పెరిగినవాడు, వారి పుస్తకాలన్నీ చదివి ప్రతులు కూడా వ్రాసినవాడు. అయినా ఆయన ఒప్పుకోలేదు. అతన్ని అలాగే ఉండనివ్వు, అతని కోసం ప్రభువును ప్రార్థించు, చదువుతూ చదువుతూ తానే గ్రహిస్తాడు అన్నాడు. ఆమె వదలకుండా ఏడుస్తుంటే కొంచెం విసుగుతోనే, ఇన్ని కన్నీళ్ల కుమారుడు నశించడం జరగదు, వెళ్లు అన్నాడు. మనమందరం ఆ చివరి మాటనే గుర్తు పెట్టుకుంటాం. నాకైతే ఆయన వాదించడానికి ఒప్పుకోకపోవడం కూడా అంతే విలువైనదిగా అనిపిస్తుంది.

383లో అగుస్తీను రోముకు వెళ్లాలనుకున్నాడు. తల్లి సముద్రతీరం దాకా వెంట వచ్చి వెళ్లవద్దని పట్టుకుంది. అతడు అబద్ధం చెప్పి, ఆమెను పునీత సిప్రియాను స్మారకమందిరంలో రాత్రి గడపడానికి ఒప్పించి, ఆమె అక్కడ ప్రార్థనలో ఉండగానే ఓడ ఎక్కి వెళ్లిపోయాడు. ఆ రాత్రి ఆమె అడిగింది ఒక్కటే, కొడుకు వెళ్లకూడదని. ఆ ప్రార్థన వినబడనట్టే అయింది. కానీ ఆ ప్రయాణమే అతన్ని రోము నుండి మిలాను నగరానికి, అక్కడ ఆంబ్రోసు బిషప్పు ప్రసంగాల దగ్గరికి చేర్చింది. ఆమె ఎప్పుడూ అడుగుతూ వచ్చినదానిని ఇవ్వడానికే, ఆ రాత్రి ఆమె అడిగినదానిని దేవుడు ఇవ్వలేదని అగుస్తీను తరువాత వ్రాశాడు. మీ అబ్బాయి బెంగళూరు వెళ్లకపోయి ఉంటే బాగుండేదని మీకు ఎప్పుడైనా అనిపిస్తే, ఈ భాగాన్ని ఒకసారి చదవండి.

386లో మిలానులోని ఒక తోటలో అతని మనస్సు మారింది. 387 పాస్కా (ఈస్టరు) రాత్రి ఆంబ్రోసు చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందాడు. అదే ఏడాది, ఆఫ్రికాకు తిరుగు ప్రయాణంలో ఓస్తియా రేవులో మోనికమ్మ యాభై ఆరవ ఏట చనిపోయింది.

ఇప్పుడు చాలామంది చెప్పని సంగతి. మీరు పెళ్లి సంబంధాల ప్రస్తావన చేశారు కాబట్టి ఇది చెప్పాలనిపించింది. మిలానులో మోనికమ్మ కొడుకుకు ఒక మంచి ఇంటి సంబంధం కుదిర్చింది. దానికి అడ్డమని, ఎన్నో ఏళ్లుగా అతనితో జీవించి, అతనికి బిడ్డను కన్న స్త్రీని ఆఫ్రికాకు పంపివేశారు. తన గుండె కోసుకుపోయి నెత్తురు కారిందని అగుస్తీను వ్రాశాడు. ఆ స్త్రీ పేరు కూడా మనకు తెలియదు. తల్లి కన్నీళ్లు పరిశుద్ధమైనవే, అయినా ఆ కన్నీళ్లతో పాటు అంతస్తు కోసం, పరువు కోసం ఉండే కోరికలు కూడా కలిసి ఉండవచ్చు. దేవుడు మోనికమ్మ ప్రార్థన విన్నాడు, కానీ ఆమె కుదిర్చిన పెళ్లిని నెరవేర్చలేదు. ఆమె పునీతురాలని మేము గౌరవించడంలో దీనివల్ల లోటేమీ రాదు, పైగా లోపాలున్న మనలాంటి తల్లుల ప్రార్థన కూడా వినబడుతుందనే ధైర్యం నాకు దీనివల్లనే కలిగింది.

సమాధానం: తిరిగి వచ్చిన ఒక కుమారుడు, హైదరాబాదు

ఆంటీ, మీ అబ్బాయి ఉన్న స్థితిలోనే నేను కొన్నేళ్లు ఉన్నాను. మాది సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబం. నేను ఎలా తిరిగి వచ్చాననే సాక్ష్యం చెప్పబోవడం లేదు, ఎందుకంటే ఒకరు వచ్చిన దారి ఇంకొకరికి కొలత కాదు. అయితే ఆ ఏళ్లలో ఇంటినుండి వచ్చిన ఏ పలకరింపు నన్ను దగ్గరకు లాగింది, ఏది దూరం నెట్టింది అన్నది చెప్పగలను.

దూరం నెట్టినవాటిలో మొదటిది, నా గురించి కాటేజీ ప్రార్థనలో (ఇళ్లలో జరిగే ప్రార్థన కూడికలో) పేరు పెట్టి మనవి చెప్పడం. నా అవిశ్వాసం మా వీధి అంతటికీ తెలిసిన సంగతి అయింది. ఆ తరువాత ఏ పెద్దమనిషి నన్ను పలకరించినా, అతను నన్ను చూస్తున్నాడా, తన ప్రార్థనాంశాన్ని చూస్తున్నాడా అని అనుమానం వచ్చేది. మీరు మీ అబ్బాయి కోసం ఇతరులను ప్రార్థించమని అడగదలచుకుంటే, నోరు జారని ఇద్దరు ముగ్గురిని ఎన్నుకోండి, అతని మనస్సులోని మాటలు వారికి కూడా చెప్పకండి. రెండవది, ప్రతి ఫోను సంభాషణ చివరికి అదే విషయానికి చేరడం. మా అమ్మ ఏది అడిగినా, దాని వెనుక ఆ ప్రశ్న ఉందని తెలుసు కాబట్టి నేను ఫోను ఎత్తడమే తగ్గించాను.

దగ్గరకు లాగినది మా నాన్నగారు. ఆయన పెద్దగా చదువుకోలేదు. అమాయకులైన పిల్లలకు ఇంత బాధ ఎందుకని నేను ఒకసారి కోపంగా అడిగితే, ఆయన తనకు తెలియదన్నారు. తానూ దేవుణ్ణి అదే అడుగుతున్నానన్నారు. విశ్వాసం అంటే అన్ని జవాబులూ జేబులో పెట్టుకోవడమని నాకు అప్పటిదాకా కనిపించిన క్రైస్తవులు అనుకునేవారు. ఆయన మాత్రం జవాబు లేకుండానే మోకరించేవారు. నేను విశ్వాసానికి దూరంగా ఉన్న ఆ కాలమంతటిలో నాలో నేను కొట్టివేయలేకపోయిన ఒకే ఒక్క సంగతి అది.

మీ అమ్మాయి అన్న మాటను దయచేసి తేలికగా తీసుకోకండి. లూకా సువార్త పదిహేనవ అధ్యాయంలో తండ్రి చిన్న కుమారుని కోసం పరుగెత్తిన సంగతి అందరికీ తెలుసు. పెద్ద కుమారుడు కోపంతో లోపలికి రానప్పుడు కూడా అదే తండ్రి వెలుపలికి వచ్చి అతన్ని బతిమాలుకున్నాడు. ఇంట్లోనే ఉండి, అన్ని పనులూ చేస్తూ, తన కోసం ఒక మేకపిల్ల కూడా ఇవ్వలేదని బాధపడే బిడ్డ కూడా తండ్రికి కావలసిన బిడ్డే. నేను దూరంగా ఉన్నప్పుడు మా అక్క ఎంత ఒంటరిదయిందో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

సమాధానం: ఒక తండ్రి, రాజమహేంద్రవరం

సహోదరీ, పైన చెప్పిన కథలన్నీ తిరిగి వచ్చినవారివి. మా అమ్మాయి ఇంకా రాలేదు. వస్తుందో లేదో, వస్తే అది చూడడానికి నేను ఉంటానో లేదో నాకు తెలియదు. అలాంటి తండ్రి మాట కూడా ఇక్కడ ఉండాలని వ్రాస్తున్నాను.

మనష్షేను గురించి రెండవ దినవృత్తాంతముల గ్రంథం ముప్పై మూడవ అధ్యాయం చదవండి. అతని తండ్రి హిజ్కియా, విగ్రహాలను పడగొట్టి ఆలయాన్ని శుభ్రం చేసిన రాజు. తండ్రి చనిపోగా పన్నెండేళ్ల వయసులో రాజైన మనష్షే, తండ్రి కూల్చినవన్నీ మళ్లీ కట్టించాడు, తన కుమారులను బెన్‌హిన్నోము లోయలో అగ్నిలో దాటించాడు. ఆ తరువాత అష్షూరు రాజు సైన్యాధిపతులు అతన్ని గొలుసులతో బంధించి బబులోనుకు తీసుకుపోయినప్పుడు, ఆ శ్రమలో అతడు తన్ను బహుగా తగ్గించుకుని తన పితరుల దేవునికి మొరపెట్టాడు, దేవుడు విన్నాడు. అప్పటికి హిజ్కియా సమాధిలో ఉన్నాడు.

'అమేజింగ్ గ్రేస్' కీర్తన వ్రాసిన జాన్ న్యూటన్‌కు వాక్యం నేర్పిన తల్లి 1732లో, అతనికి ఏడేళ్లు నిండకముందే చనిపోయింది. అతడు తుఫానులో దేవునికి మొరపెట్టింది 1748లో. ఆ తరువాత కూడా కొన్నేళ్లు బానిసల ఓడలు నడిపాడు, ఆ వ్యాపారం ఎంత ఘోరమైనదో బహిరంగంగా వ్రాసింది 1788లో. ఆ తల్లి వీటిలో ఏదీ చూడలేదు. తిరిగి రావడం కూడా ఒక్క రోజులో పూర్తయ్యే పని కాదని నాకు దీనివల్ల తెలిసింది. నా ప్రార్థనకు నా ఆయుష్షు హద్దు కాదని నేను నమ్ముతున్నాను. ఎదురుచూడడం తేలికయిందని చెప్పను, కానీ ఆ నమ్మకం వల్ల మా అమ్మాయితో మాట్లాడేటప్పుడు తొందర తగ్గింది. నేను బ్రతికుండగానే ఏదో ఒకటి తేలిపోవాలని ఆమెను ఒత్తిడి చేయడం మానివేశాను. ఇప్పుడు ఆమె తన ఉద్యోగం గురించి, తన పిల్లవాని బడి గురించి నాతో చాలాసేపు మాట్లాడుతుంది.

తన మీద తిరుగుబాటు చేసి చంపబడిన కుమారుడు అబ్షాలోము కోసం దావీదు ఏడ్చిన ఏడుపు కూడా గ్రంథంలో ఉంది. ఆ కుమారుడు తిరిగి రాలేదు. దావీదును అలా ఏడ్చినందుకు వాక్యం అవిశ్వాసి అని ఎక్కడా అనలేదు. తల్లిదండ్రులు ఎవరికైనా ఆ దుఃఖమే మిగిలితే, వారి ప్రార్థన చాలలేదని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ హృదయపూర్వక వందనాలు. మీ మాటలు నా భర్తకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తరువాత మా అబ్బాయికి తానే ఉత్తరం వ్రాస్తానన్నారు, ఫోనులో చెబితే మాట తడబడుతుందని. ఈ ఆదివారం మధ్యాహ్నం అమ్మాయి ఇంటికి వెళ్తున్నాను. అబ్బాయి విషయం నేనుగా ఎత్తను.

ఒక్క సందేహం మిగిలింది. క్రిస్మసుకు మా బంధువులందరూ మా ఇంట్లో చేరతారు. భోజనానికి ముందు చిన్నవాళ్లలో ఎవరో ఒకరు ప్రార్థన చేయడం మా ఇంటి ఆనవాయితీ, మా మరిది ప్రతిసారీ కావాలనే మా అబ్బాయిని పిలుస్తారు. వాడు ఇబ్బంది పడతాడు. ప్రార్థన చేయమని అడగకపోతే వాణ్ణి వదిలేసినట్టు అవుతుందేమోనని నా భయం.

విశ్రాంత పాస్టరు, గుంటూరు జిల్లా

అమ్మా, నమ్మకం లేదని నిజాయితీగా చెప్పిన మనిషి చేత పదిమంది ముందు ప్రార్థన చేయించడం వల్ల దేవునికి గాని అతనికి గాని మేలు లేదు, మీరు అడగకపోవడం అతని నిజాయితీని గౌరవించడమే అవుతుంది. పండుగకు ముందుగానే మీ భర్తగారు మీ మరిదితో ఒంటరిగా మాట్లాడాలి; ఆ పని మీ అబ్బాయికి గాని మీ అమ్మాయికి గాని వదలకండి. ప్రార్థన మీ భర్తగారు చేయవచ్చు, లేదా మీ అమ్మాయి ఇష్టపడితే ఆమె చేయవచ్చు. మీ అబ్బాయికి వడ్డించే పని అప్పగించండి, పెద్దల పక్కన కాకుండా తన వయసువారి మధ్య కూర్చోనివ్వండి. గుడిలో అతను బెంచీ మీద కూర్చుని ఉంటే, సంస్కారం తీసుకుని వచ్చిన తరువాత మీరు వెళ్లి అతని పక్కనే కూర్చోండి, ఏమీ అడగకండి. బంధువులు ఏమైనా అంటే, ఈ ఇంట్లో అతనికి ఎప్పుడూ చోటు ఉంటుందని వారి ముందే చెప్పండి. మీ భర్తగారు ఉత్తరంలో కులం విషయం తప్పకుండా ప్రస్తావించాలని నా మనవి.